మెంతిగుజ్జు కొలువు

పోయిన నెలలో మా చిన్నోడు నన్నూ, తన కూతురినీ కారెక్కించుకుని తిరుపతిలోనే ఒక పెద్ద హోటలుకు తీసుకుపోయాడు. భోజనానికేమో అనుకుని పొద్దున టిఫిను కూడా తగ్గించి తిన్నాను. తీరా చూస్తే అది తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చుని చేత్తో బొమ్మలు చేసే తరగతి. చల్లగాలి కొట్టే హాలు, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, బల్లకొక అట్టపెట్టె. పెట్టె విప్పితే అందులో ఏనుగు ముక్కలు. కత్తిరించాల్సినవన్నీ వాళ్ళే కత్తిరించేశారు. మడవాల్సిన చోట గీత గీశారు. రంగు పుయ్యాల్సిన చోట ఏ రంగో అంకె వేసి పెట్టారు. ఆ పెట్టెలో పెట్టడం మరిచింది పని ఒక్కటే. మైకు పట్టుకున్న అమ్మాయి ఒకతె నా దగ్గరికొచ్చి, "తాతగారూ, మీరూ ట్రై చేయండి, తప్పు వచ్చే ఛాన్సే లేదు" అంది. తప్పు వచ్చే వీలే లేనిదాన్ని చెయ్యడమని ఎట్లా అంటారో నాకు బోధపడలేదు. చుట్టూ తండ్రులందరికీ ఒక చేతిలో ఏనుగు చెవి, ఇంకో చేతిలో ఫోను. చెవి అతికించడం కంటే అతికిస్తున్నట్టు ఫోటో దిగడానికే ఎక్కువ అవస్థ పడ్డారు. అంతా అయ్యేసరికి హాలు నిండా ఒకే ఏనుగు. ఎండడానికని అన్నిటినీ ఒక బల్ల మీద చేర్చారు. మా మనవరాలు తన ఏనుగు ఏదో తాను పోల్చుకోలేకపోయింది. వాళ్ళ నాయన ఫోనులో ఫోటో చూసి తేల్చాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా చిన్నోడు పెద్దరికంగా, "మా చిన్నప్పుడు నువ్వు మాతో ఇట్లాంటివేం సెయ్యలేదు గదా నాయనా" అన్నాడు. నేను చెప్పబోయే కాలానికి వాడు ఉయ్యాల్లో ఉన్నాడు. వాడికి నోటితో చెప్పి ప్రయోజనం లేదు, సగంలో ఫోను మోగుతుంది. అందుకని రాస్తున్నాను.

మాది నగరి. మా ఇంట్లోకి అడుగు పెడితే ముందు గంజి వాసన, ఆ వెనక తడి నూలు వాసన, మనుషుల వాసన ఆఖరున. నాయన గుంటమగ్గంలో నడుము దాకా దిగి కూర్చుంటే పొద్దుగూకేదాకా పైకి లేచేవాడు కాదు. అమ్మ రాట్నం ముందు కండెలు చుడుతూ ఉండేది. మాట్లాడుకోవాలన్నా మగ్గం చప్పుడుకూ చప్పుడుకూ మధ్య సందు చూసుకుని మాట్లాడుకోవాలి. కాబట్టి మా ఇంట్లో పొడుగు మాటలుండేవి కావు. నాయన కోసి పడేసిన నూలు కొసలు ఏరుకుని ఎద్దునో కోతినో కడదామని పిల్లలం కూర్చుంటే వీపు మోగేది. "ఊరికే ఆడే సెయ్యి ఊరి మీదికి పోతాదిరా" అనేవాడు నాయన. ఇప్పుడు చేనేత గొప్పదనం గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు కొందరిని చూస్తుంటాను. భుజాన ఒక కండువా వేసుకుని, మగ్గం సంగీతమని, నేతగాడు కవి అని ఏదేదో అంటారు. ఆ సంగీతం పక్కన ఒక్క ఎండాకాలం పడుకుని చూడమనండి. నేను చూశాను కాబట్టే మీసం రావడంతోనే తిరుపతికి పారిపోయి ఒక గుడ్డలంగట్లో గుమాస్తాగా చేరాను.

బడిలో నేను చదివింది అక్షరాలు కూడబలుక్కునేంత వరకే. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద సాగింది. చింతపండు పొట్లం విప్పితే ఒక కథ సగం, బెల్లం పొట్లం విప్పితే ఇంకో వ్యాసం సగం. అట్లా సగాలు సగాలుగా లోకాన్నంతా చదివాను. చదువుకున్నవాడి చేతికి మసి అంటకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. అంగట్లో తాన్లు విప్పి చూపించడం, గజంబద్దతో కొలవడం, మడిచి పెట్టడం, అంతే నా చేతులు చేసే పని. మా ఆవిడ మునెమ్మ నాకు అక్క కూతురే. అక్కను పలమనేరుకిచ్చారు. మట్టిబొమ్మలకు పేరుపడ్డ పలమనేరు మనిషి కదా, మునెమ్మకు చేతులు ఊరుకోవు. ఇంట్లో పోగయిన కాగితాలను నానబెట్టి, పెరట్లో ఉన్న పాత రోట్లో మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును బోర్లించిన కుండ మీద మెత్తి ఆరబెట్టి బుట్టలు చేసేది. పప్పులు పోసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. ఇల్లంతా తడి మెంతుల వాసన, కొంచెం చేదు, కొంచెం చెమట. నేను ముక్కు మూసుకుని పోయేవాణ్ణి.

రథం తిరిగే వీధికి వెనక సందులో వరదాచార్యులని ఒక అయ్యవారింట్లో వెనక భాగం అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పేవాడు. ముందు వాకిలి వాళ్ళది, పెరటి వాకిలి మాది, బావి ఇద్దరిదీ. నవరాత్రులు వచ్చాయంటే వాళ్ళ ముందుగదిలో మెట్లు కట్టి, మెట్ల మీద పంచె పరిచి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. పై మెట్టు మీద మరపాచి జంట, అంటే ఎర్రచందనం చెక్కతో చేసిన ఆడా మగా బొమ్మలు, గుడ్డలు కట్టి నగలు పెట్టి. కింది మెట్ల మీద దేవుళ్ళు, ఋషులు, ఆ కింద శెట్టీ శెట్టెమ్మల అంగడి. సాయంత్రాలు పేరంటాళ్ళు వచ్చి పాటలు పాడి శనగల సుండలు, అంటే తాలింపు గుగ్గిళ్ళు, పొట్లం కట్టించుకుని పోయేవాళ్ళు. మా సుగుణ అప్పుడు రెండో తరగతో ఏమో. మా పెద్దపిల్ల. రోజూ పోయి ఆ మెట్ల ముందర నిలబడేది. ఒకనాడు శెట్టి ముందున్న పప్పుల గిన్నెను సర్దబోయింది.

"తాకకు తల్లీ, తాకకు. చూడ్డానికే" అంది అయ్యవారి భార్య రంగనాయకమ్మ.

"మా ఇంట్లో కూడా పెట్టుకుంటాం, అప్పుడు తాకొచ్చా?" అంది సుగుణ.

"మీకు ఆనవాయితీ లేదు కదమ్మా. మరపాచి జంట పుట్టింటి నుంచి రావాలి. అంగట్లో కొనుక్కొచ్చి వరసగా పెడితే అది కొలువు కాదు, అంగడే అవుతుంది."

"మేం కొనుక్కోం. సేస్తాం."

పేరంటాళ్ళందరూ నవ్వారట. సుగుణ ఏడవలేదు. ఆ నవ్వును మోసుకొచ్చి నా ముందర పెట్టింది. "నాయనా, వొచ్చే నవరాత్రులకు మనం కొలువు పెడతా ఉండాం. అందరికీ సెప్పేసినా" అంది.

"బొమ్మలెవురు సేసేది?"

"నువ్వే."

మునెమ్మ బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే, "గజంబద్ద పట్టే సేతులమ్మా అవి! గుజ్జులో పెడితే కరిగిపోతాయి" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎండాకాలం రాగానే ఒక ఆదివారం చొక్కా విప్పి రోటి ముందర కూర్చున్నాను. మొదటి బొమ్మ ఆరేసరికి సుగుణ దాన్ని తిప్పి తిప్పి చూసి, "నాయనా, ఇది మనిషా, వంకాయా?" అని అడిగింది. బావి దగ్గర్నుంచి మునెమ్మ, "వంకాయకైతే తొడిమన్నా ఉంటాది" అంది. రెండోది ఎండలో పెడితే పగిలింది. నీడలో పెట్టాలని తెలిసింది. ఇంకోటి నీళ్ళు సరిగా పిండక మెడ వాలిపోయింది. లోపల ఒక పుల్ల పెట్టి గుడ్డ చుడితే నిలబడుతుందని సుగుణ కనిపెట్టింది. నేను కాదు, అదే. తప్పు వచ్చే ఛాన్సు లేని పని కాదది. తప్పు తప్ప ఇంకేమీ రాని పని. ఒక్కో తప్పుకూ నేనూ నా కూతురూ తల కొట్టుకుని నవ్వుకున్నాం. ఇంట్లో అంతకు ముందు అట్లా నవ్వింది నాకు గుర్తులేదు.

ఏం బొమ్మ చేద్దామంటే, దేవుళ్ళు వాళ్ళింట్లో ఉన్నారు కాబట్టి మనింట్లో తాత ఉండాలంది సుగుణ. మగ్గం నేసే తాత. సరేనని గుజ్జు తీసుకుని ఒత్తుతున్నాను. నాయన ముఖం నాకు కుదరలేదు. ముక్కు పెడితే పోలిక పోతుంది, తీసేస్తే మనిషే పోతాడు. విసుగొచ్చి బొమ్మను వెనక్కి తిప్పాను. వీపు ఒత్తడం మొదలుపెట్టానో లేదో, నా బొటనవేలు దానంతట అదే పోయింది. మెడ దగ్గర ఆ గూని, కుడి భుజం ఎడమదానికంటే ఒక పిసరు కిందికి దిగి ఉండడం, నడుము దగ్గర గుంటలోకి కుంగిన మడత. చిన్నప్పుడు ఏళ్ళ తరబడి నేను చూసిందంతా నాయన వీపునే అని అప్పుడు తెలిసింది. ముఖం చూసిందెప్పుడు కనక! పరిగెత్తి పారిపోయినవాడి వేళ్ళలో ఆ వీపు అట్లాగే కూర్చుని ఉంది. మునెమ్మ అన్నానికి పిలిచిందట, నాకు వినపడలేదు. ఆమె వచ్చి నా వెనక నిలబడి చూసి, "తాతే!" అంది. ఎగతాళి చెయ్యలేదు. చేతులు కడుక్కోమని కూడా అనలేదు. ఆ పూట నా ఒంట్లో పుట్టిన సంతోషానికి పేరు పెట్టమంటే నాకు ఇప్పటికీ రాదు. పొట్లాల కాగితాల్లో ఎక్కడా దాని గురించి చదవలేదు.

నడుము కింద తాతకు ఏమీ లేదు. "కాళ్ళేవి?" అంది సుగుణ. "గుంటలో ఉండాయి" అన్నాను. దానికది చాలా సబబుగా తోచింది. కొబ్బరిపుల్లలతో మగ్గం కట్టాం. అంగట్లో కత్తిరించగా రాలిన అంచుల నుంచి దారాలు లాగి పడుగు పోశాం. తర్వాత రాట్నం ముందర అవ్వ, ఒక మేక, మునెమ్మ పుట్టింటికి పోయే పలమనేరు బస్సు. పసుపు, జాజు ఎర్రమన్ను, బొగ్గు, బట్టలకు పెట్టే నీలం, ఇవే మా రంగులు. అంగట్లో తోటి గుమాస్తా నా మీసం వాసన చూసి, "ఏమప్పా మునిరత్నం, మెంతులు తలకు పెడతారు గానీ నువ్వు మీసాలకు పెట్టుకుంటా ఉండావే" అన్నాడు. నేను మీసం దువ్వుకుని ఇంకో తాను విప్పాను.

బస్సు చేసే వేళకు కాగితాలు అయిపోయాయి. తిరుపతిలో కాగితానికి కరువు లేదు గానీ, ఆ కాగితంతో ఒక చిక్కుంది. క్యాలెండరు మీద స్వామి, శుభలేఖ మీద స్వామి, అగరొత్తుల డబ్బా మీద స్వామి. ఏ ఇంట్లోనూ వాటిని పారెయ్యరు, కాల్చరు. కట్టలు కట్టి అటక మీద పెడతారు. మా అటకా అంతే. నేను కత్తెర తెచ్చి సుగుణకిచ్చి, స్వామి బొమ్మ ఉన్న మేరకు జాగ్రత్తగా కత్తిరించి పక్కన పెట్టమన్నాను. పిల్ల భక్తిగానే చేసింది. మిగతా కాగితాన్ని విడతకింత బావి పక్క తొట్టిలో నానేస్తూ పోయాం, మొదటి విడతల్లోనే బస్సు పూర్తయింది. మేము చూసుకోనిది ఒకటుంది. శుభలేఖకు పై అట్ట మీదే కాదు, లోపలి మడతలో కూడా స్వామి ఉంటాడు. మడత మీద మడతగా అంటుకుపోయిన పాత శుభలేఖ ఒకటి నీళ్ళలో నాని, ఒకనాడు తెల్లారేసరికి పువ్వు మాదిరి విచ్చుకుంది. నామాలతో సహా స్వామి తొట్టిలో వెల్లకిలా తేలుతున్నాడు. నీళ్ళు తోడుకోవడానికి వచ్చిన రంగనాయకమ్మ చేతిలో బిందె కింద పడింది.

"పెరుమాళ్ళే! స్వామిని నానబెట్టారు! రుబ్బడానికి నానబెట్టారు!"

వరదాచార్యులు నుదుట తిరుమణి నామం సగమే దిద్దుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏమయ్యా మునిరత్నం, స్వామిని రోట్లో వేసి రుబ్బుతావా? అక్షరం ముక్క లేనివాడికి ఇల్లిస్తే ఇట్లాగే ఉంటుంది."

"మీ ఇంట్లో పాత క్యాలెండర్లను ఏం సేస్తారు అయ్యవారూ?" అన్నాను.

"పారే నీళ్ళలో కలుపుతాం. అది పద్ధతి."

"స్వర్ణముఖిలో నీళ్ళు పారేది మీరు ఎబ్బుడు సూసినారు? ఇసకలో పడేసి వొస్తారు, మేకలు మేస్తాయి. మేం నిజంగా నీళ్ళలోనే కలిపినాం."

"అడ్డంగా మాట్లాడకు. ఆ బొమ్మలన్నీ ఈ క్షణం పారెయ్యి. లేదా ఇల్లు ఖాళీ చెయ్యి."

సుగుణ గడప మీద నిలబడి వింటోంది. తాతను గుండెకు ఆనించుకుని ఉంది. అప్పుడు మునెమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "పారేస్తాం సామీ. ఇంతకు ముందు రుబ్బిన గుజ్జులో కూడా ఎన్ని శుభలేఖలు పోయినాయో మాకు తెలీదు. ఏ బొమ్మలో సామి ఉండాడో, ఏ బొమ్మలో లేడో మీరే సూసి సెప్పండి. లేని దాన్ని మీరెందుకు పారెయ్యమంటారు? ఉండేదాన్ని సెత్తలో ఏస్తే ఆ పాపం ఎవురిది?"

జీవితమంతా సంధులూ సమాసాలూ విడగొట్టిన అయ్యవారు మేకను చూశాడు, బస్సును చూశాడు, ఏమీ విడగొట్టలేకపోయాడు. కానీ అట్లాంటి మనుషులు ఓడిపోయినట్టు ఒప్పుకోరు. తలపంకించి, "స్వామి అంశ ఉన్నవి ఈ మైల భాగంలో ఉండకూడదు. మా ఇంట్లో ఉంటాయి. కొలువులో మేమే పెడతాం" అన్నాడు. పారెయ్యమన్న నోటితోనే! బొమ్మలు బాగున్నాయని అప్పటికే రంగనాయకమ్మ కన్ను వేసిందని మునెమ్మ తర్వాత చెప్పింది. నేను ఎదురు తిరగబోతే మునెమ్మే చెయ్యి పట్టుకుని ఆపింది. బ్రహ్మోత్సవాల కాలంలో తిరుపతిలో పశువుల కొట్టం కూడా అద్దెకు దొరకదు, ఉయ్యాల్లో పసివాడున్నాడు. బొమ్మలు ముందువాకిలికి పోయాయి. కొలువు పెడతామని ఊరందరికీ చెప్పుకున్న పిల్ల రోజూ ముందువాకిలి వైపు చూడకుండా బడికి పోయొచ్చేది.

నవరాత్రుల్లో మొదటి సాయంత్రమే సుగుణ నా వేలు పట్టుకుని ముందుగదికి తీసుకుపోయింది. గది నిండా పేరంటాళ్ళు. మేక ఒక ఋషి పక్కన ఉంది. బస్సు మెట్టు చివర ఉంది. తాతకు మాత్రం మగ్గం లేదు. మగ్గం లేకుండా, గుంట లేకుండా, ఆయన్ను శెట్టి అంగడి ముందర కూర్చోబెట్టి చేతుల దగ్గర ఒక గిన్నె పెట్టి ఇన్ని కందులు పోశారు. నడుము కింద లేని మనిషి, వంగిన వీపు, ముందర గిన్నె. చూసినవాళ్ళకు బిచ్చగాడే. ఎవరో ఒకామె, "ఈ కుంటివాడి బొమ్మ ఎంత సహజంగా ఉందో! ఎక్కడ కొన్నారు?" అంది. "మా ఇంట్లో చేయించినవే" అన్నాడు వరదాచార్యులు, కండువా సర్దుకుంటూ.

"మగ్గం యాడ?" అంది సుగుణ.

"అది మెట్టు మీద పట్టలేదు తల్లీ" అంది రంగనాయకమ్మ.

పిల్ల ముందుకు పోయి, రెండు చేతులతో తాతను ఎత్తుకుంది. కందులు మెట్ల మీద జలజలా రాలాయి. పాట ఆగిపోయింది.

"ఏయ్! కొలువులో పెట్టిన బొమ్మను దశమి దాకా కదిలించకూడదు!" అని అరిచాడు అయ్యవారు.

"మా తాతకు పని ఉండాది" అంది సుగుణ. "మీ మెట్టు మీద అన్ని దినాలు ఊరికే కూసోడు."

అంతే. ఎవరి వైపూ చూడకుండా నడిచి బయటికొచ్చింది. నేను దాని వెనకే వస్తుంటే మునెమ్మ చేట పట్టుకుని నాకెదురుగా లోపలికి పోవడం చూశాను. ఆనాడు చెయ్యి పట్టుకుని నన్ను ఆపిన మనిషే మేకనూ, అవ్వనూ, బస్సునూ చేటలో ఏరుకుని, మగ్గం ఎక్కడని అడిగి, బల్ల కింద నుంచి అది కూడా తీసుకుని వచ్చేసింది. మా గదిలో ట్రంకుపెట్టె మీద ఆమె పాత చీర పరిచి కొలువు పెట్టాం. మరపాచి జంట లేదు. సుండలు లేవు, బొరుగులున్నాయి. ఇద్దరు ముగ్గురు పేరంటాళ్ళు పెరటి దోవన వచ్చి గడప అవతల నిలబడి చూశారు. ఒకామె బొరుగులు చేతిలోకి తీసుకుంది కూడా. పండగ కాగానే మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించారు. వరదాచార్యులు నాకు నేర్పిన తెలుగు అదొక్కటే, ఖాళీ చెయ్యడం.

ఇప్పటి తండ్రులు పిల్లలతో గడపడానికి సమయాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. గడపనివ్వండి. కానీ ఆ హాల్లో ఏ తండ్రి చేతికీ ఏదీ అంటలేదు, ఏ పిల్లా తాను చేసినదాని కోసం ఎవరితోనూ పోట్లాడదు. పోట్లాడదగ్గది అక్కడ ఏమీ తయారు కాలేదు కాబట్టి. ఆ సాయంత్రం పేరంటాళ్ళ మధ్య నుంచి తాతను ఎత్తుకుని వచ్చే నా కూతురి వెనక నడుస్తుంటే నాకు భయం వెయ్యలేదు, అద్దె గుర్తు రాలేదు. మా నాయనా, ఆయన నాయనా, అంతకు ముందువాళ్ళూ బతుకంతా నేసినవి గడప దాటి బయటికి పోవడమే చూశారు. ఒక్కటీ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. చేత్తో చేసినది ఒకటి తిరిగి ఇంట్లోకి రావడం మా వంశంలో మొదట చూసినవాణ్ణి నేనే.